పై వరసలో వెయ్యని రంధ్రాలు

నివెస్ తియోజ్జో చేసే పనికి, వెనిస్ దగ్గరి రేవు ఊరు కియోజ్జలో సరైన పేరు లేదు. రేవు పక్క కాఫీ కొట్టు దగ్గర కూర్చునే మగవాళ్ళు ఆమెను గోడల డాక్టరమ్మ అంటారు. ఎదురుపడితే ఊరికే పోనివ్వరు. "మా ఆవిడ కూడా ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది, పొద్దున లేస్తే ఏడుపే. ఆమెకేమైనా మందుందా?" అని ఒకడు అడిగితే, "ఉంది గానీ ముందు నీకు రంధ్రం వేసి చూడాలి, నెమ్ము నీ వైపు నుంచే ఎక్కుతున్నట్టుంది" అని ఆమె జవాబిచ్చేది. కొట్టంతా నవ్వేది. ఈమధ్య ఆ నవ్వులు లేవు. వాళ్ళేమీ మానలేదు. ఆమే ఆ దారిన వెళ్ళడం మానేసింది.

పని మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే. పాత గోడకు చిటికెన వేలు పట్టేంత రంధ్రం వేస్తుంది. రాలిన ఇటుక పొడిని సీసాలోకి పట్టి వెంటనే మూత బిగిస్తుంది. తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూస్తుంది. రెండు తూకాల మధ్య తేడా ఆ గోడ తాగిన నీళ్ళు. తరవాత అందులో ఉప్పెంతో చూస్తుంది. ఇలా ఒక్కో గోడకు పాతిక ముప్పై సీసాలు. తండ్రి వలలు బాగుచేసేవాడు, తల్లి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసేది. కూతురు సాంకేతిక పాఠశాలలో చదివి, వెనిస్‌లో పాత కట్టడాలు మరమ్మతు చేసే ఆఫీసులో చేరి, పాతికేళ్ళు తెల్లవారే బస్సెక్కింది. నలభై దాటాక కంప్యూటరు నేర్చుకుంది. అంతకుముందు గోడకు ఏమైందో మాత్రమే చెప్పగలిగేది. కంప్యూటరు వచ్చాక గోడకు ఏమవబోతుందో చెప్పడం మొదలుపెట్టింది. గోడను తెర మీద చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో నీళ్ళెన్ని, ఉప్పెంత, పక్క గడికి ఎంత పోతుంది, గాలికి ఎంత ఆరుతుంది అని అంకెలు వేస్తే, పదేళ్ళ తరవాతి గోడ కళ్ళ ముందుకు వచ్చేది. అది ఆమెకు గర్వంగానే ఉండేది. ఊరికీ గర్వంగానే ఉండేది. కియోజ్జలో పొడిగా ఉండే గోడ లేదు మరి. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పునీటి సరస్సు, మధ్యలో కాలువలు. మంచం గోడకు ఆనించి వేసుకునే ఇల్లు ఊళ్ళో కనిపించదు.

బెస్తల సంఘానికి కాలువ గట్టున ఒక ప్రార్థన మందిరం ఉంది. పడవల గిడ్డంగి కన్నా పెద్దదేం కాదు. దాని ఉత్తరపు గోడ మీద నలభై రెండు తెరచాప గుర్తులు వేసి ఉండేవి. సముద్రం మీద పోయి, శవం కూడా దొరకని వాళ్ళకే ఆ గోడ మీద చోటు. పేర్లు రాయరు. రాసినా ఉపయోగం లేదు. ఊళ్ళో సగం మంది బోస్కోలోలు, తక్కిన సగం తియోజ్జోలు. ఒక కాలంలో ఒక్క వీధిలోనే నలుగురు సాంతె బోస్కోలోలు ఉండేవారు. తెరచాప మీద వేసుకునే గుర్తు మాత్రం ఒక్క ఇంటిదే. తెరచాపలు పోయి ఇంజన్లు వచ్చినా ఇంటి గుర్తు పోలేదు.

ఆ నలుగురు సాంతెల్లో ఒకడి గుర్తు పసుపు మీద ఎర్ర కోడిపుంజు. ఒక నవంబరు తుఫానులో అతని పడవ తిరిగి రాలేదు. భార్య అమాబిలెకు అప్పుడు ముప్పై ఒకటి, ఇప్పుడు ఎనభై ఆరు. ఆమెకు వెళ్ళి పూలు పెట్టుకోవడానికి సమాధి లేదు, కోడిపుంజే ఉంది. ప్రతి శనివారం వచ్చి రెండో బల్ల మీద కూర్చుని, ఆ వారం కబుర్లన్నీ దానికి చెప్పేది. గొంతు కూడా తగ్గించేది కాదు. ఎవరి మనవడికి ఉద్యోగం వచ్చింది, ఎవరి కోడలు మాట వినడం లేదు అన్న సంగతులు ఊళ్ళో కొంతమంది ఆ మందిరంలోనే తెలుసుకునేవారు.

గోడను కాపాడుకునే పద్ధతి ఒకటి ముందు నుంచీ ఉంది. నేల నుంచి భుజాల ఎత్తు దాకా గుర్తులు వెయ్యరు, ఉత్త సున్నపు గార పెడతారు. కింది నుంచి ఎక్కే ఉప్పు ఆ గారలోకి చేరి పొంగుతుంది. ఆరేడేళ్ళకోసారి మేస్త్రి దాన్ని గీకి పారేసి కొత్త గార పెడతాడు. ఉప్పు గారతో పాటే పోతుంది. దూయిలియో మేస్త్రి చేసేవాడు, అంతకుముందు వాళ్ళ నాన్న చేసేవాడు. అయితే ఒక ఏడాది నవంబరులో సముద్రపు పోటుకు మందిరంలో మోకాలి లోతు నీళ్ళు రెండు రోజులు నిలిచాయి. చెమ్మ గార దాటి పైకెక్కింది. అడుగు వరస గుర్తుల్లో మూడు మసకబారాయి. సంఘం పెద్ద ఒట్టొరీనో, పడవ నడిపి రిటైరైన మనిషి, ఈ గీకుడూ పూతా ఎన్నాళ్ళని, ఒక్కసారే తేల్చేద్దామన్నాడు. మోకాలి ఎత్తులో గోడను అడ్డంగా రంపంతో కోసి రేకు దూరిస్తే, కింది నీళ్ళు ఇక పైకి రావు. ఇలాంటివి వెనిస్‌లో చాలా చేశారు. కానీ కోసే ముందు గోడ ఎలా ఆరుతుందో లెక్క కట్టాలి. లెక్కకు నివెస్ ఉండనే ఉంది. మన ఊరి పిల్ల, మన గోడ.

అందులోనే ఉంది పొరపాటు.

లెక్క సరిగ్గా రావాలంటే కింది నుంచి పై దాకా ఏడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో మూడు చోట్ల రంధ్రాలు వెయ్యాలి. కింది మూడు ఎత్తులూ గారలో ఉన్నాయి, గంటలో అయిపోయింది. నాలుగో ఎత్తుకు నివెస్ నిచ్చెనెక్కి డ్రిల్లు ఎత్తి పట్టుకుంది. ఆ రోజు శనివారం.

"అక్కడ కాదమ్మా," అంది వెనక బల్ల మీంచి అమాబిలె. "అది మా ఆయన."

నివెస్ నిచ్చెన దిగి, పక్కకు జరిపి, మళ్ళీ ఎక్కింది.

"అది జెల్సొమీనా వాళ్ళ తమ్ముడు. పంతొమ్మిదేళ్ళ వాడు."

"మరెక్కడ వెయ్యమంటావత్తా?"

"నాకేం తెలుసు బిడ్డా, నీ చదువు నీది. మనుషులు లేని చోట చూసి వెయ్యి."

మనుషులు లేని చోటు ఆ గోడ మీద లేదు. గుర్తుకూ గుర్తుకూ మధ్య రెండు వేళ్ళ సందు, అందులోనూ ఎవరి తెరచాప అంచో ఉంటుంది. పాదువా లాంటి పై ఊరి నుంచి వచ్చిన మనిషైతే ఈ మాటలేవీ చెవిన పెట్టకుండా ఇరవై ఒక్క రంధ్రాలూ వేసి, సున్నంతో పూడ్చి, రంగు అద్ది, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయి ఉండేవాడు. ఆ రంధ్రాలు నెల తిరక్కముందే ఎవరి కంటికీ కనపడేవి కావు. ఈ సంగతి నివెస్‌కు బాగా తెలుసు. అమాబిలె నోరు మెదపకపోయినా తన చెయ్యి లేచేది కాదని కూడా తెలుసు. రెండో వరసలో నీలం చేప నివెస్ వాళ్ళ తాత తమ్ముడిది. చిన్నప్పుడు ఆ గోడకు వీపు ఆనిస్తే తల్లి నెత్తి మీద ఒక్కటిచ్చేది.

చివరికి గుమ్మం పక్క మూలలో, గుర్తులు లేని చోట, పై ఎత్తులో ఒక్కటంటే ఒక్క రంధ్రం వేసింది. ఆ పొడిలో ఉప్పు తక్కువే వచ్చింది. ఆ గుమ్మాన్ని ఎప్పుడో వెడల్పు చేశారనీ, అప్పుడు ఆ మూల కొత్త ఇటుక పెట్టారనీ ఆమెకు తరవాత తెలిసింది.

ఆ వారమే దూయిలియో పైన దీపం కొక్కెం ఊడదీస్తూ, రాలిన పొడిని వేలికి అద్దుకుని నాకి చూశాడు. పాత మేస్త్రీలందరికీ ఉన్న అలవాటే. కిందికి చూసి, "నివెస్, పైన ఉప్పెక్కువుందే" అన్నాడు.

"నీ నాలిక నా తక్కెడ కన్నా గొప్పదా?"

"నాలికకు కరెంటు అక్కర్లేదు. మా నాన్న అనేవాడు, ఈ గోడ ఒకప్పుడు సగం కూలిందట. పై సగం పాత ఉప్పు గిడ్డంగి పడగొట్టిన ఇటుకతో లేపారట."

"మీ నాన్న చాలా అనేవాడులే," అంది నివెస్.

ఆ మాట ఇప్పటికీ ఆమెను వదలదు. మాట కన్నా, అన్నప్పుడు తను నవ్వడం ఎక్కువ గుర్తొస్తుంది. దూయిలియో కూడా నవ్వాడు, కొక్కెం జేబులో వేసుకుని దిగిపోయాడు.

పై గళ్ళకు ఏదో ఒక అంకె వెయ్యాలి. వెయ్యకపోతే లెక్క నడవదు. నివెస్ గుమ్మం మూల అంకెను తీసుకుని, పైకి పోయే కొద్దీ కొంచెం కొంచెం తగ్గిస్తూ నింపింది. చాలా గోడల్లో అలాగే ఉంటుంది. ఆమె తూచిన రెండు వందల గోడల్లో నూట ఎనభై అలాగే ఉన్నాయి. తెర మీద చెమ్మను చూపే నీలం రంగు మెల్లగా కిందికి దిగి, మూడో శీతాకాలానికి గోడ పొడిబారింది. గుర్తులు క్షేమం. నివేదికలో పదమూడో పేజీలో, పై భాగంలో నమూనాలు తగినన్ని తీయలేదు అని ఒక్క వాక్యం రాసింది. సంఘంలో ఎవరూ పదమూడో పేజీ దాకా చదవరని రాసేటప్పుడే ఆమెకు తెలుసు.

మే నెలలో దూయిలియో గోడ కోశాడు. మూరెడు కోసి, రేకు దూర్చి, సున్నంతో బిగించి, అది గట్టిపడ్డాక ఇంకో మూరెడు. గోడ వెంట్రుకవాసి కూడా కుంగలేదు. వేసవిలో గార ఆరింది. మొదటి శీతాకాలానికి మందిరంలో ఆ బూజు వాసన పోయింది. జనం గోడ మీద చెయ్యి వేసి చూసి, చెయ్యి చూసుకుని, నివెస్‌ను మెచ్చుకున్నారు. అమాబిలె ఉల్లిపాయలూ వెనిగరూ వేసి ఊరబెట్టిన కవళ్ళ చేపలు గిన్నెడు తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి వెళ్ళింది. గోడ తను లెక్క వేసిన దానికన్నా తొందరగా ఆరుతోందని నివెస్ గమనించకపోలేదు. మంచిదేగా అనుకుంది.

రెండో శీతాకాలం ఫిబ్రవరిలో ఉత్తరపు గాలి తొమ్మిది రోజులు ఆగకుండా కొట్టింది. ఎముకలు కొరికే పొడి గాలి. మార్చి మొదట్లో ఒట్టొరీనో ఫోన్ చేసి, గోడకు గడ్డం మొలిచింది, వచ్చి చూడమన్నాడు.

నిజంగానే గడ్డంలా ఉంది. గుర్తుల మీదంతా తెల్లటి సన్నటి వెంట్రుకలు, ఊదితే రాలేలా. వాటి వెనక రంగు పెచ్చులుగా లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ పై ఇటుకల్లో ఉప్పు చెమ్మలో కరిగి, ఉన్నచోటే పడి ఉంది. చెమ్మ పోయేసరికి అది బయటికి బయలుదేరింది. వచ్చి వచ్చి రంగు వెనకాల గడ్డకట్టి, రంగును నెట్టేసింది. గోడ చెడింది తడి వల్ల కాదు, ఆరడం వల్ల. కోడిపుంజుకు తోక, ఒక కాలు మిగిలాయి. నీలం చేప ఉన్న చోట ఉత్త ఇటుక కనిపించింది. మందిరం తుడిచే మనిషి అప్పటికి రెండు వారాలుగా బల్లల కింద రంగు రంగుల దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందా అనుకుంటూ ఊడ్చి కాలువలో పోస్తోంది.

ఆ ఆదివారం పూజ అయ్యాక సంఘం మందిరంలోనే కూర్చుంది. ఎవరి ఇంటి గుర్తు పోయిందో వాళ్ళంతా వచ్చారు. మాటలు దూయిలియో మీదికి పోయాయి. కోత వంకర పోయిందనీ, రంపం అదురుకే రంగు లేచిందనీ, వాళ్ళ నాన్న అయితే ఒప్పుకునేవాడు కాదనీ తలా ఒకటి అన్నారు. ఇక మీద సంఘం పని అతనికివ్వకూడదని ఒకరు లేచి చెప్పారు. దూయిలియో టోపీ చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. పైన ఉప్పెక్కువని తను ముందే చెప్పానని అతను ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. నివెస్ వైపు చూడనూ లేదు. అదే ఆమెను లేపింది.

"కోత సరిగ్గానే ఉంది," అంది. "నేను కొలిచి చూశాను. తప్పు నాది. పై వరసల్లో రంధ్రాలు వెయ్యలేదు. వెయ్యకుండా వేసినట్టు అంకెలు నింపాను. పైన ఉప్పుందని దూయిలియో నాకు ముందే చెప్పాడు. నేను వినలేదు."

అమాబిలె రెండో బల్ల మీంచి, "వద్దన్నది నేను కదే" అంది.

"నువ్వు అనొచ్చత్తా. వినకుండా ఉండాల్సింది నేను."

"నిన్ను డ్రిల్లు పెట్టనిచ్చి ఉంటే ఈయన ఉండేవాడా?"

"ఉండేవాడు. ఒక చిన్న రంధ్రంతో ఉండేవాడు."

అమాబిలె తల పంకించింది. ఏడవలేదు. అక్కడున్న వాళ్ళలో ఇద్దరు ముగ్గురు లేచి బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న జెల్సొమీనా ఒకతె. ఆమె ఆ రోజు నుంచి ఇప్పటి వరకు నివెస్‌తో మాట్లాడలేదు.

మిగిలిన గుర్తుల సంగతి తేల్చాలి. మందిరం తలుపులు మూసి గాలిని తేమగా ఉంచితే ఉప్పు తాత్కాలికంగా ఆగుతుంది. ఆ మీదట తడి కాగితపు గుజ్జు పట్టీలు వేసి ఉప్పును కొద్ది కొద్దిగా లాగొచ్చు. ఎంత తేమ, ఎన్నాళ్ళు, ఎక్కడ అన్నది మళ్ళీ లెక్క వేస్తేనే తెలుస్తుంది. లెక్కకు పై వరసల పొడి కావాలి. ఈసారి నిజమైనది. మొత్తం రాలిపోయిన చోట ఇటుక పైపొర కూడా పోయింది, దాని అంకె నమ్మకూడదు. రంగు ఇంకా కాస్త అంటుకుని ఉన్న చోటే రంధ్రం వెయ్యాలి. ఎవరి గుర్తులో వెయ్యాలని ఒట్టొరీనో ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. అందరూ రేపు చెబుతామన్నారు.

మంగళవారం అమాబిలె కర్ర పట్టుకుని నివెస్ ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ఆయన్లో వెయ్యి," అంది. "తోకా కాలూ పెట్టుకుని ఆయన మాత్రం ఏం చేస్తాడు."

ఆ పూటే వెళ్ళారు. నివెస్ నిచ్చెనెక్కింది. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, వేడెక్కితే చెమ్మ ఆవిరైపోతుంది. ముందు కొంచెం ఎర్రది, తరవాత పసుపు, ఆ వెనక ఇటుక పొడి. నాలుగు లోతుల్లో నాలుగు సీసాలు. అమాబిలె కింద నిలబడి చూసింది. కోడిపుంజు కాలు రెండో సీసా దగ్గర ఊడి, పెచ్చుగా నేల మీద పడి, పొడైపోయింది.

ఉప్పు తను నింపిన అంకెకు తొమ్మిది రెట్లు వచ్చింది. నివెస్ ఆ అంకె వేసి, పాత కోత, పాత రేకు, పాత గాలి అన్నీ అలాగే ఉంచి, లెక్క మళ్ళీ నడిపింది. తెర మీద గోడ మామూలుగా ఆరింది. రెండో శీతాకాలంలో, ఉత్తరపు గాలి కొట్టిన వారంలో, పై గళ్ళన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. గోడకు జరిగింది జరిగినట్టు కనిపించింది. దానికి కంప్యూటరు తీసుకున్నది పదకొండు నిమిషాలు. ఆమె గుజ్జు పట్టీల లెక్క మొదలుపెట్టింది.

ఆ లెక్క ఫలించింది. నలభై రెండింటిలో పంతొమ్మిది పూర్తిగా నిలిచాయి, ఎనిమిది సగం సగం. పట్టీలు వేసింది దూయిలియోనే. ఒక్కో పట్టీ తీసేటప్పుడు అంచు నాకి చూసి ఆమెకు చెప్పేవాడు. ఆమె రాసుకునేది.

ఆ పనులు జరుగుతుండగానే ఒక శనివారం అమాబిలె అడిగింది. "ఆ రోజు తీసిన పొడి ఉందా బిడ్డా? అవసరం తీరితే నాకిచ్చెయ్యి. డబ్బీలో వేసుకుంటాను."

నివెస్ చేతిలో తడి గుడ్డ ఉంది. దాన్ని బకెట్ అంచు మీద వేసింది. "లేదత్తా. ఉప్పు తెలియాలంటే నీళ్ళలో కలిపెయ్యాలి. కలిపాను."

"అంతానా?"

"అంతా."

సగం చాలేది. చిటికెడు మిగిల్చినా చాలేది. తూచేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏ గోడ పొడీ ఎవరూ అడగలేదు.

"మళ్ళీ నీళ్ళలోకేనన్నమాట," అంది అమాబిలె. కర్ర మీద బరువు మార్చుకుంది. "సరేలే. ఆయనకు అలవాటే."

ఆ తరవాతి శనివారం నుంచి ఆమె రెండో బల్ల మీద కూర్చోవడం మానేసింది. అవతలి పక్క, కిటికీ కింద కూర్చుంటోంది. అక్కడికి ఎదురుగా గోడ మీద ఆకుపచ్చ తెరచాప, దాని మీద తెల్ల నక్షత్రం, ఒక్క పెచ్చు కూడా లేవకుండా నిలిచి ఉన్నాయి. అది ఎవరి ఇంటిదని నివెస్ అడిగితే, తెలియదంది. దాని కోసం ఎవరూ రారట, చిన్నప్పటి నుంచీ ఎవరూ రాగా చూడలేదట. అని చెప్పి, ఆగిన చోటి నుంచి కబుర్లు అందుకుంది. పక్కింటి పిల్ల పెళ్ళి నిశ్చయమైన సంగతి సగంలో ఉంది. నివెస్ గోడ దగ్గర గాలిలో తేమ ఎంతుందో చూసి, రాసుకుని, తలుపు గట్టిగా వేసి వచ్చింది.